"ఆవిడకి భయం ఎక్కువ, అందుకే మంచం పట్టింది": ఈ మాటలో నిజమెంత?

ఈ రోజు ఎపిసోడ్ ఇంట్లో పెద్దవాళ్ళ గురించి. కానీ వినాల్సింది మీరే. ఎందుకంటే తాతయ్యని ఒక్కడినే బయటికి పంపాలా వద్దా, నాయనమ్మని ఏ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి లాంటి నిర్ణయాలు ఇప్పుడు ఎక్కువగా ఫోన్‌లోనే జరుగుతున్నాయి. ఫోన్‌కి ఆ చివర హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నది మనమే.

మా నూజివీడు వైపు ఏ ఊళ్ళో అరుగు మీద కూర్చున్నా ఈ టాపిక్ వస్తుంది. ఇద్దరు పెద్దాయనలు ఉంటారు. ఇద్దరిదీ ఒకే వయసు, ఇద్దరూ జీవితమంతా మామిడి తోటల్లో పని చేసినవాళ్ళే. ఒకాయన ఇప్పటికీ పొద్దున్నే కర్ర పట్టుకుని తోట చుట్టి వస్తాడు. ఇంకొకాయన మంచం దిగడు. కారణం ఏంటని అడిగితే ఎవరూ డాక్టర్ రిపోర్ట్ చెప్పరు. "ఆయన మొండి మనిషి, అందుకే తిరుగుతున్నాడు. ఈయన పిరికివాడు, అందుకే పడిపోయాడు" అంటారు. ఆడవాళ్ళ విషయంలో ఇంకా తేలిగ్గా తేల్చేస్తారు: "ఆవిడకి భయం ఎక్కువ."

అంటే మనవాళ్ళు ఒక థియరీ చెప్తున్నారు. మనిషి స్వభావాన్ని బట్టి ముసలితనంలో ఒళ్ళు పని చేస్తుంది లేదా ఆగిపోతుంది అని. ఇదే ప్రశ్న మీద ప్రపంచంలో చాలా పరిశోధన జరిగింది. ఆన్సర్ ఏంటంటే, ఈ మాటలో సగం నిజం ఉంది. రెండో సగం మాత్రం ఇంట్లోవాళ్ళకి నిజంగా నష్టం చేస్తోంది. ఆ రెండు సగాలనీ విడదీసి చూద్దాం.

ముందు, వైకల్యం అంటే ఏంటి?

వైకల్యం అనగానే మనకి గుర్తొచ్చేది సదరం సర్టిఫికెట్. అందులో ఒక శాతం ఉంటుంది. 40 శాతం దాటితే పెన్షన్‌కి అర్హత. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వృద్ధాప్య పెన్షన్ 4,000, దివ్యాంగుల పెన్షన్ 6,000 అయ్యాయి కాబట్టి ఆ శాతానికి ఇంట్లో చాలా విలువ ఉంది. కానీ అది కొలిచేది శరీరాన్ని, అంటే కాలు ఎంత పని చేస్తోంది, కన్ను ఎంత కనిపిస్తోంది అనేదాన్ని.

పెద్దవాళ్ళ మీద పరిశోధన చేసేవాళ్ళు ఇంకో ప్రశ్న అడుగుతారు: ఈ మనిషి తన రోజుని తను గడుపుకోగలడా? 1963లో అమెరికాలో సిడ్నీ కాట్జ్ అనే డాక్టర్ దీనికి ఆరు పనుల లిస్ట్ ఇచ్చాడు. స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, బాత్రూమ్‌కి వెళ్ళి రావడం, మంచం మీద నుంచి లేవడం, మల మూత్రాలు ఆపుకోగలగడం, తినడం. ఈ ఆరింటిలో ఎన్ని ఒకరి సాయం లేకుండా చేయగలరు అనేది లెక్క. 1969లో లాటన్, బ్రోడీ అని ఇద్దరు దీనికి ఇంకో మెట్టు కలిపారు. ఫోన్ చేయడం, షాపుకి వెళ్ళడం, వంట, ఇల్లు చూసుకోవడం, బట్టలు ఉతకడం, బస్సెక్కి ఊరెళ్ళడం, టైముకి మందులు వేసుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం.

ఇక్కడ ఒక సరదా సంగతి. ఆ రెండో లిస్ట్‌లో మొదట్లో మగవాళ్ళకి వంట, ఇంటి పని, బట్టల గురించి మార్కులు వేసేవాళ్ళు కాదు. అలవాటు లేని పని చేయలేకపోవడం వైకల్యం కాదు కదా అని. మా తాతయ్యకి టీ పెట్టడం రాదు. అది మోకాళ్ళ ప్రాబ్లం కాదని మా నాయనమ్మకి బాగా తెలుసు.

మన దేశంలో కూడా ఇదే పద్ధతిలో పెద్ద సర్వే జరిగింది. పేరు లాసి. ముంబైలోని ఐఐపీఎస్ సంస్థ 2017-18లో 45 ఏళ్ళు దాటిన వాళ్ళనీ వాళ్ళ జీవిత భాగస్వాములనీ కలిపి 72 వేల మందికి పైగా కలిసింది. రిపోర్ట్ 2021 జనవరిలో వచ్చింది. దాని ప్రకారం 60 దాటిన వాళ్ళలో దాదాపు నాలుగో వంతు మందికి మొదటి లిస్ట్‌లో కనీసం ఒక్క పని కష్టం. రెండో లిస్ట్‌కి వచ్చేసరికి దాదాపు సగం మందికి. కాబట్టి ఇది ఎవరో కొద్దిమంది సమస్య కాదు. ఈ వీడియో చూసే చాలామంది ఇళ్ళల్లో ఉండే అవకాశం ఉంది.

స్వభావాన్ని ఎలా కొలుస్తారు?

సైకాలజీలో ఎక్కువగా వాడేది బిగ్ ఫైవ్, అంటే ఐదు గుణాలు. వీటిని మన మాటల్లో చెప్తాను.

ఒకటి, పద్ధతి. ఒప్పుకున్న పని పూర్తి చేయడం, వస్తువు తీసిన చోటే పెట్టడం, మందు టైముకి వేసుకోవడం. రెండు, ఆందోళన. చిన్నదానికి కంగారు పడటం, జరగబోయే చెడు ముందే ఊహించుకోవడం. మూడు, కలుపుగోలుతనం. నాలుగు, సర్దుకుపోయే గుణం. ఐదు, కొత్తది అంటే చూద్దాం అనుకునే గుణం.

వీటిలో ప్రతి మనిషికీ ఐదూ ఉంటాయి, ఎక్కువ తక్కువ తేడా అంతే. "నేను ఇంట్రోవర్ట్, నువ్వు ఎక్స్‌ట్రావర్ట్" అని మనుషుల్ని రెండు డబ్బాల్లో వేసే ఇన్‌స్టా క్విజ్‌లకీ దీనికీ సంబంధం లేదు. ఎత్తు కొలిచినట్టు ఒక స్కేల్ మీద కొలుస్తారు.

అమెరికాలో 1992లో మొదలైన హెల్త్ అండ్ రిటైర్‌మెంట్ స్టడీ అని ఒకటుంది. మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు దాదాపు 20 వేల మంది పెద్దవాళ్ళని ఏళ్ళ తరబడి ఫాలో అవుతున్నారు. 2006 నుంచి అందులో స్వభావం ప్రశ్నలు కూడా పెట్టారు. ఇలా ముందు స్వభావాన్ని కొలిచి, తర్వాత ఏళ్ళు గడిచాక ఎవరు నడుస్తున్నారు, ఎవరికి సాయం కావాల్సి వస్తోంది అని చూసే స్టడీలు ఇంకొన్ని దేశాల్లో కూడా ఉన్నాయి.

మరి ఏం తేలింది?

రెండు గుణాలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తున్నాయి. పద్ధతి ఎక్కువ ఉన్నవాళ్ళలో వైకల్యం తక్కువ, నడక వేగం ఎక్కువ. ఆందోళన ఎక్కువ ఉన్నవాళ్ళలో వైకల్యం ఎక్కువ, నడక నెమ్మది. కలుపుగోలుతనం, కొత్తది చూద్దాం అనే గుణం కొంచెం మేలు చేసే వైపే ఉన్నాయి. సర్దుకుపోయే గుణం ప్రభావం పెద్దగా కనపడదు.

ఎందుకు ఇలా? మ్యాజిక్ ఏమీ లేదు, రోజువారీ పనులే. పద్ధతి ఉన్న మనిషి బీపీ బిళ్ళ మర్చిపోడు. చుట్ట మానమని డాక్టర్ అంటే కనీసం ఆలోచిస్తాడు. రోజూ ఒకే టైముకి నడుస్తాడు. ఒక్కో రోజు తేడా చిన్నదే. ముప్పై ఏళ్ళు కలిపితే పక్షవాతం వచ్చిన మనిషికీ రాని మనిషికీ ఉన్నంత తేడా అవ్వచ్చు.

ఆందోళన విషయంలో జరిగేది ఇంకోలా ఉంటుంది. ఒకసారి కాలు జారుతుంది. దెబ్బ పెద్దగా తగలకపోవచ్చు. కానీ మళ్ళీ పడిపోతానేమో అన్న భయం మిగులుతుంది. భయంతో నడక తగ్గుతుంది. నడక తగ్గితే కండ కరుగుతుంది. కండ లేని కాలు నిజంగానే తూలుతుంది. అప్పుడు మళ్ళీ పడతారు. "చెప్పానా, పడతానని!" అంటారు. కోడ్ రాసేవాళ్ళకి ఇది తెలుసు, బయటికొచ్చే దారి లేని లూప్.

ఈ లూప్ ఎంత స్పీడ్‌గా తిరుగుతుందో ఒక్క లెక్క చెప్తాను. 2007లో ఒక ప్రయోగం పబ్లిష్ అయింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని, సగటు వయసు 67, పది రోజులు మంచం మీదే ఉంచారు. జబ్బేమీ లేదు, తిండి సరిగ్గానే పెట్టారు. పది రోజుల్లో కాళ్ళలో సగటున దాదాపు ఒక కేజీ కండ పోయింది. ఈ సారి "నాలుగు రోజులు రెస్ట్ తీసుకో నాయనమ్మా, అసలు కదలకు" అనే ముందు ఈ కేజీ గుర్తు తెచ్చుకోండి. డాక్టర్ కదలొద్దన్నప్పుడు కదలకూడదు, అది వేరే విషయం. డాక్టర్ అనకుండా మన భయం కొద్దీ మనం కదలనివ్వకపోవడం గురించి నేను మాట్లాడుతున్నాను.

సో, ఊరి మాటలో నిజమైన సగం ఇది. స్వభావానికీ ఒంటికీ లింక్ ఉంది. కానీ ఆ లింక్ సైజు కూడా తెలియాలి. కీళ్ళ అరుగుదల, పక్షవాతం, షుగర్, కంటి చూపు, చదువు, చేతిలో డబ్బు, ఇవన్నీ పక్కన పెట్టి స్వభావం ఒక్కటే చూసి ఎవరు మంచం పడతారో చెప్పడం కుదరదు. వేల మందిని కలిపి చూస్తే కనపడే తేడా అది. మీ పక్కింటి పెద్దాయన మీద తీర్పు చెప్పడానికి సరిపోదు.

ఇప్పుడు రెండో సగం

ఊరి మాట ఎక్కడ దెబ్బ కొడుతుందో చూద్దాం. మూడు చోట్ల.

మొదటిది, ఏది ముందు? భయస్తురాలు కాబట్టి నడవట్లేదా, నడవలేకపోతోంది కాబట్టి భయస్తురాలు అయిందా? రెండూ జరుగుతాయి. ఒళ్ళు సహకరించనప్పుడు మనిషి స్వభావం కూడా మారుతుంది. పది మందితో కలిసి ఆవకాయ పెట్టిన ఆవిడ, కింద కూర్చుని కత్తిపీట వాడలేని స్థితి వచ్చాక ఆ పది మందిలోకి వెళ్ళడం మానేస్తుంది. రెండేళ్ళ తర్వాత చూసినవాళ్ళు "ఆవిడ ఎవరితోనూ కలవదు" అంటారు. వాళ్ళు చూస్తున్నది ఫలితాన్ని, దానికే కారణం అని పేరు పెడుతున్నారు.

రెండోది, దీని గురించే నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నాను. స్వభావం అనుకున్నది అసలు స్వభావమే కాకపోవచ్చు. దీనికి మన తెలుగు నేల మీదే మంచి స్టడీ ఉంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు నగరంలోని వృద్ధాశ్రమాల్లో ఉన్న పెద్దవాళ్ళని పరీక్షించారు. దాని పేరు హోమ్స్. కళ్ళు మాత్రమే కాదు, దిగులు ఎంత ఉంది, పడిపోతామన్న భయం ఎంత ఉంది అని కూడా అడిగారు. చూపు తగ్గినవాళ్ళలో పడిపోతామన్న భయం ఎక్కువగా ఉంది. మన దేశంలో పెద్దవాళ్ళకి చూపు తగ్గడానికి ఎక్కువగా కారణమయ్యేవి ఏంటి? శుక్లాలు, సరైన కళ్ళజోడు లేకపోవడం. రెండూ బాగుచేయగలిగినవే. అదే స్టడీలో కళ్ళజోడు ఇచ్చి, శుక్లాల ఆపరేషన్ చేసిన తర్వాత దిగులు స్కోర్ కూడా తగ్గింది.

ఒక్కసారి ఆలోచించండి. పదేళ్ళుగా "ఆవిడ భయస్తురాలు, ఎప్పుడూ దిగాలుగానే ఉంటుంది" అని ఇంటిల్లిపాదీ నమ్మిన విషయంలో కొంత భాగం కంటి పొర అయ్యుండచ్చు. అందుకే "స్వభావం అంతే" అన్న మాట ప్రమాదం. ఆ మాట అన్న తర్వాత ఇంకెవరూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళరు.

మా ఇంట్లో జరిగింది కూడా ఇదే. మా నాయనమ్మ రెండేళ్ళ క్రితం దొడ్లో జారింది. ఎముక విరగలేదు. కానీ ఆ రోజు నుంచి సాయంత్రం అయితే గుమ్మం దాటేది కాదు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో తీర్మానం అయిపోయింది: నాయనమ్మకి భయం పట్టుకుంది, ఇక ఒక్కదాన్నీ వదలొద్దు. మా బాబాయి అయితే ఊళ్ళో ఇల్లు తాళం వేసి ఇద్దరినీ సిటీకి తెచ్చేద్దాం అన్నాడు. తాతయ్య తోట వదిలి రానన్నాడు. మాటా మాటా పెరిగింది.

అప్పుడు మా అమ్మ ఒక్క ప్రశ్న అడిగింది. "అత్తయ్యా, పొద్దున పూట వెళ్తున్నారు కదా, సాయంత్రం ఎందుకు వెళ్ళట్లేదు?" నాయనమ్మ సమాధానం చాలా సింపుల్: "మెట్టు ఎక్కడుందో తెలియట్లేదే." ఆవిడకి భయం ఉన్న మాట నిజం. కానీ దానికి కారణం ఉంది. మసక వెలుతురులో మెట్టు కనపడట్లేదు. కంటి పరీక్షలో రెండు కళ్ళకీ శుక్లాలు అని తేలింది. ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ అయ్యాయి. ఆవిడ ధైర్యవంతురాలు అయిపోయింది అని నేను చెప్పను. ఇప్పటికీ ఉరుము ఉరిమితే టీవీ ప్లగ్ పీకేస్తుంది. కానీ సాయంత్రం పక్కింటికి వెళ్ళి వస్తోంది. ఇల్లు తాళం వేసే మాట ఆగిపోయింది.

మూడోది, ఈ ఐదు గుణాల కొలత అందరికీ ఒకేలా సరిపోతుందా అనేది. ఇలాంటి స్టడీలు చాలావరకు అమెరికాలో, యూరప్‌లో చదువుకున్న సమాజాల్లో జరిగాయి. 2013లో బొలీవియా అడవుల్లో వేట, వ్యవసాయం చేసుకునే చిమానే అనే తెగలో 632 మంది మీద ఈ కొలత వాడి చూశారు. ఐదు గుణాలు విడివిడిగా రాలేదు. వాళ్ళ సమాధానాలు వేరే విధంగా గుంపులు కట్టాయి. ఎర్రటి ఎండలో చిక్కం కర్ర పట్టి కాయ కోసి, సొన కాలిన చేతులతో బతికిన మనిషి "మీరు ఎంత క్రమబద్ధంగా ఉంటారు" అన్న ఫారం ప్రశ్నకి ఇచ్చే టిక్‌ని, చికాగోలో రిటైరైన అకౌంటెంట్ టిక్‌తో సమానంగా చదవడం కుదరదు. కొలత పనికిరాదని కాదు, జాగ్రత్తగా వాడాలి అని.

ఫోన్ తప్పా, యాప్ తప్పా?

ఇప్పుడు అసలు పాయింట్. మీ పాత ఫోన్‌లో ఒక కొత్త గేమ్ ఆగి ఆగి నడుస్తోంది అనుకోండి. తప్పు ఫోన్‌దా, గేమ్‌దా? రెండింటి మధ్య ఉన్న గ్యాప్‌ది. అదే ఫోన్‌లో లైట్ వెర్షన్ యాప్ హాయిగా నడుస్తుంది. 1994లో వెర్‌బ్రగ్, జెట్ అనే ఇద్దరు పరిశోధకులు వైకల్యం గురించి చెప్పింది దాదాపు ఇదే. వైకల్యం మనిషి ఒంట్లో మాత్రమే ఉండదు. మనిషి చేయగలిగినదానికీ, ఆ పని అడిగేదానికీ మధ్య ఉన్న దూరం అది. ఆ దూరాన్ని రెండు వైపుల నుంచీ తగ్గించవచ్చు. మనిషికి బలం పెంచి ఒక వైపు నుంచి, పనిని తేలిక చేసి ఇంకో వైపు నుంచి.

మన ఇళ్ళు పెద్దవాళ్ళని ఏం అడుగుతున్నాయో చూడండి. దొడ్డి చివర బాత్రూమ్, అక్కడికి వెళ్ళే దారిలో లైట్ ఉండదు. లోపల కింద కూర్చునే లెట్రిన్, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఎత్తు గడప. కుంగిపోయిన నులక మంచం, దాంట్లోంచి లేవాలంటే పాతికేళ్ళ నాకే నడుం పట్టేస్తుంది. అరిగిపోయిన హవాయి చెప్పులు. ఇదంతా హెవీ గేమ్. దీన్ని నడపలేకపోయిన మనిషికి "ఒంటరిగా బాత్రూమ్‌కి వెళ్ళలేరు" అని పేరు పెడుతున్నాం. గోడకి ఒక స్టీల్ హ్యాండిల్, దారిలో ఒక బల్బు, లెట్రిన్ మీద పెట్టే కమోడ్ కుర్చీ వస్తే అదే మనిషి వెళ్ళగలరు. కాలు అదే, సదరం శాతం అదే. వైకల్యం మాత్రం తగ్గింది.

మరి స్వభావం ఎక్కడ పనికొస్తుంది? సాయం ఏ రూపంలో ఇవ్వాలో తెలుసుకోవడానికి. పెద్దవాళ్ళ మీద తీర్పు చెప్పడానికి వాడిన స్వభావాన్ని, వాళ్ళకి తగ్గట్టు ప్లాన్ వేయడానికి వాడండి.

ఆందోళన ఎక్కువ ఉన్నవాళ్ళు: "ఏం కాదులే, భయపడకు" అనడం ఆపేయండి. ముందు కళ్ళు, చెవులు చూపించండి. వాడుతున్న మందులన్నీ ఒక కవర్లో వేసి డాక్టర్‌కి చూపించండి. కొన్ని నిద్ర మాత్రలు, బీపీ మందుల వల్ల లేవగానే కళ్ళు తిరగచ్చు. మీ అంతట మీరు ఏదీ ఆపకండి. తర్వాత మొదటి వారం గుమ్మం దాకా, రెండో వారం వీధి మలుపు దాకా, పక్కన ఒక మనిషి తోడుగా.

పద్ధతి మనుషులు: వీళ్ళకి సలహా వద్దు, టైమ్‌టేబుల్ ఇవ్వండి. క్యాలెండర్ మీద టిక్ పెట్టే పని ఇస్తే వాళ్ళే చూసుకుంటారు.

కలుపుగోలు మనుషులు: ఒంటరిగా ఎక్సర్‌సైజ్ చేయమంటే చేయరు. నలుగురు కూర్చునే చోటుకి నడిచి వెళ్ళేలా చేయండి. గుడి అవ్వచ్చు, చర్చి అవ్వచ్చు, టీ కొట్టు అవ్వచ్చు.

మొండి మనుషులు: ఇది మా తాతయ్య. మోకాలు నొప్పి ఎవరికీ చెప్పడు. కర్ర పట్టుకోమంటే పరువు తక్కువ. సీజన్లో, ఏప్రిల్ నుంచి జూన్ దాకా, కోత కూలీలతో పాటు తోటలో నిలబడాల్సిందే. "వెళ్ళొద్దు" అంటే రెండు గంటలు ఎక్కువ ఉంటాడు. మా నాన్న చేసిన పని ఏంటంటే, తోటలో చెట్టు కింద ఒక ఎత్తు కుర్చీ వేయించి, "నాన్నా, ట్రేలు లెక్క తప్పుతున్నాయి, నువ్వు కూర్చుని చూడు" అన్నాడు. కర్ర కూడా "కుక్కలొస్తున్నాయి" అనే వంకతో చేతికొచ్చింది. ఆయన నడక ఆగలేదు, నిలబడే గంటలు తగ్గాయి.

ఇక సర్దుకుపోయే మనుషులు. వీళ్ళు ఏమీ అడగరు, ఇంట్లో ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదు అని నొప్పి దాచుకుంటారు. మీరే అడగాలి. ఈ గుణానికి ఒక మంచి వైపు కూడా ఉంది. జర్మనీ డేటా మీద 2011లో వచ్చిన స్టడీలో, వైకల్యం వచ్చిన తర్వాత మళ్ళీ జీవితం మీద తృప్తి తొందరగా తెచ్చుకున్నది ఈ గుణం ఎక్కువ ఉన్నవాళ్ళే. అంటే వైకల్యం రాకుండా ఆపడంలో పెద్దగా కనపడని గుణం, వచ్చాక నిలదొక్కుకోవడంలో పని చేసింది.

ఇంకో మాట. స్వభావం పుట్టుకతో వచ్చింది, ఇక మారదు అనుకోవద్దు. 2017లో 207 స్టడీలని కలిపి చూస్తే, కౌన్సెలింగ్ లాంటి చికిత్సలతో మనుషుల గుణాలు కొలవగలిగినంత మారాయి. అన్నిటికంటే ఎక్కువ మారింది ఆందోళనే. దిగులుకి, భయానికి చికిత్స ఉంది, డెబ్బై ఏళ్ళకి కూడా.

దీనికి రివర్స్‌లో ఒక హెచ్చరిక. పెద్దవాళ్ళ స్వభావం కొద్ది నెలల్లోనే మారిపోతే, అంటే పద్ధతి మనిషి డబ్బు లెక్క తప్పుతున్నా, సరదా మనిషి మాట్లాడటం మానేసినా, అది స్వభావం కాదు, లక్షణం. మతిమరుపు జబ్బు, థైరాయిడ్, బి12 లోపం, డిప్రెషన్ ఏదైనా అవ్వచ్చు. ఇక కొన్ని గంటల్లోనే మనిషి తేడాగా మాట్లాడుతున్నా, మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా ఆలోచించకుండా హాస్పిటల్‌కి వెళ్ళాలి.

ఈ సారి ఊరెళ్ళినప్పుడు

ఫోన్ తీసి ఒక చిన్న టెస్ట్ చేయండి. గట్టి కుర్చీలో పెద్దవాళ్ళని కూర్చోబెట్టండి. మూడు మీటర్ల దూరంలో నేల మీద ఒక గీత. స్టాప్‌వాచ్ ఆన్ చేయగానే లేచి, మామూలు నడకతో గీత దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. రోజూ కర్ర వాడేవాళ్ళు కర్రతోనే నడవాలి. మీరు పక్కనే ఉండండి, పడకుండా. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పడిపోయే రిస్క్ ఉందని లెక్క. అప్పుడు డాక్టర్‌తోనో ఫిజియోథెరపిస్ట్‌తోనో మాట్లాడండి. కాళ్ళ బలానికి, బ్యాలెన్స్‌కి ఇంట్లోనే చేసే ఎక్సర్‌సైజ్‌లు ఉన్నాయి. న్యూజిలాండ్‌లో తయారైన ఒటాగో అనే ప్రోగ్రామ్‌తో పెద్దవాళ్ళు పడిపోవడం దాదాపు మూడో వంతు తగ్గింది. అందులో పెద్ద మెషిన్లు ఏమీ లేవు. కుర్చీ పట్టుకుని లేవడం, మడమలెత్తి నిలబడటం, చీలమండకి చిన్న బరువు కట్టుకుని కాలు ఎత్తడం, నడక, అంతే.

తర్వాత సాయంత్రం ఆరున్నరకి, చీకటి పడే టైములో, మంచం దగ్గర నుంచి బాత్రూమ్ దాకా మీరే నడిచి చూడండి. ఫోన్ టార్చ్ వేయకుండా. ఎక్కడ కాలు తడబడిందో అక్కడ బల్బో, హ్యాండిలో కావాలి. కొన్ని వందల రూపాయల పని.

ఆ రోజు రాత్రి భోజనాల దగ్గర ఎవరైనా "ఆవిడ స్వభావమే అంత" అంటే, గొడవ పడక్కర్లేదు. మా అమ్మ అడిగినట్టు ఒక్క ప్రశ్న అడగండి: ఏ టైములో, ఏ చోట, ఏ పని దగ్గర? సమాధానం పెద్దవాళ్ళనే చెప్పనివ్వండి.

మీ ఇంట్లో ఏం తేలిందో కామెంట్‌లో రాయండి, పేర్లు వద్దు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.